నిలబడి కాల్చేటప్పుడు ఊగని రైఫిల్: తూకం కుదుర్చుకోవడం ఎలా?

రేంజ్‌లో నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "స్టాండింగ్‌లో రైఫిల్ మూతి ఊగుతోందండీ. ముందు ఇంకో వంద గ్రాములు పెట్టమంటారా?" అడిగినవాళ్ళ రైఫిల్ తీసుకుని చూస్తే అప్పటికే బ్యారెల్ మీద రెండు మూడు వెయిట్లు ఉంటాయి. ఎవరో చెప్పారని పెట్టుకున్నది ఒకటి, ఫలానా పెద్ద షూటర్ రైఫిల్ ఫొటోలో కనిపించిందని పెట్టుకున్నది ఇంకొకటి. అవన్నీ తీసేసి ఒకసారి కాల్చి చూశారా అని అడిగితే, లేదంటారు.

అందుకే మొదటి నుంచి చివరి దాకా వరసగా రాస్తున్నాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి, 50 మీటర్ల పాయింట్ టూటూ (.22 తూటా) రైఫిల్‌కి రెండింటికీ ఈ పద్ధతే. కుడిచేతి వాటం వాళ్ళ కోసం రాశాను. మీది ఎడమచేతి వాటమైతే కుడి, ఎడమలు మార్చుకుని చదవండి.

కాస్త సిద్ధాంతం, ఇంతకు మించి అక్కర్లేదు

తాడు మీద నడిచేవాడు పొడవాటి గడ ఎందుకు పట్టుకుంటాడు? బరువు రెండు కొసల దాకా పరుచుకుని ఉంటే ఆ గడ తొందరగా తిరగదు. రైఫిల్ కూడా అంతే. చేతికి దూరంగా ఉన్న బరువు ఊపును అడ్డుకుంటుంది. దూరం రెట్టింపైతే ఆ అడ్డుకునే గుణం నాలుగు రెట్లవుతుంది. కానీ ముందు పెట్టిన బరువు రైఫిల్‌ను కిందికి లాగుతుంది కూడా. దూరం రెట్టింపైతే ఆ లాగుడు రెట్టింపవుతుంది. ఆ లాగుడును మీ నడుము, భుజం మోయాలి. మనం చేయబోయేదంతా ఈ రెండింటి మధ్య మీ ఒంటికి సరిపడే చోటు వెతకడమే.

ఎంత చిన్న కదలికతో పోరాడుతున్నామో కూడా తెలియాలి. 10 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే నడిమి గుర్తు అంటే 0.5 మి.మీ. చుక్క. రియర్ సైట్ (కంటి దగ్గరి గురి భాగం) దగ్గర ఇరుసు ఉందనుకోండి. దానికి 80 సెం.మీ. ముందున్న ఫ్రంట్ సైట్ (బ్యారెల్ కొస దగ్గరి గురి భాగం) కేవలం 0.04 మి.మీ. పక్కకి జరిగితే చాలు, టార్గెట్ దగ్గర గురి ఆ చుక్క వెడల్పంత జరిగిపోతుంది. అందుకే ఇక్కడ 50 గ్రాములకు కూడా విలువ ఉంది.

బరువులు ముట్టుకునే ముందు

పొజిషన్ (నిలబడి రైఫిల్ పట్టే తీరు) కుదరని మనిషికి బరువులు సాయం చేయవు. కాబట్టి ముందు ఇవి చూసుకోండి. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద గాని, దాని పైన పక్కటెముకలకు ఆనుకుని గాని నిలవాలి. రైఫిల్ బరువు ఎముకల మీదుగా పాదాలకు దిగాలి, కండరాల మీద వేలాడకూడదు. పొజిషన్ తీసుకుని కళ్ళు మూసుకోండి. రెండు మూడు శ్వాసలు తీసుకుని తెరవండి. గురి టార్గెట్ పక్కకి పోయి ఉంటే చేతులతో లాక్కురాకండి, పాదాలు జరపండి. పైకి, కిందికి పోయి ఉంటే బట్‌ప్లేట్ (భుజానికి ఆనే వెనక పలక) ఎత్తు గాని, ఎడమచెయ్యి పట్టు గాని మార్చండి. వరసగా ఐదుసార్లు కళ్ళు తెరిచినప్పుడు గురి ఇంచుమించు ఒకేచోట ఉంటేనే తరవాతి పనికి రండి. లేకపోతే ఇక్కడే ఆగి, వారం రోజులు దీని మీదే పనిచేయండి. ఆ వారం వృథా కాదు.

కావలసినవి

- అలెన్ కీల సెట్టు. టార్క్ చూపించే స్క్రూడ్రైవర్ ఉంటే ఇంకా మంచిది.
- 1 గ్రాము తేడా చూపించే డిజిటల్ తూకం. రెండు ఉంటే పని సులువు.
- గుండ్రటి పెన్సిల్ లేదా సన్నటి కడ్డీ. లేదా ఒక గట్టి పట్టీ.
- మాస్కింగ్ టేపు, పెన్ను, కొలత టేపు.
- 25, 50, 100 గ్రాముల వెయిట్లు. మీ రైఫిల్ కంపెనీవే అయితే సరిగ్గా అమరుతాయి.
- ట్రయల్ కోసం, కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కి వాడే 5, 10 గ్రాముల అతికించే పట్టీలు.
- నోట్‌బుక్.
- ఫోను, దాన్ని నిలబెట్టడానికి స్టాండ్.
- గురి కదలికను తెర మీద చూపించే స్కాట్ లాంటి ఎలక్ట్రానిక్ ట్రైనర్ దొరికితే వాడండి. లేకపోయినా పని ఆగదు.

సీసం బరువులు వాడుతుంటే పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వాటిని ఇంట్లో కరిగించి పోతపోసే ప్రయత్నం చేయకండి, ఆ పొగ విషం.

1. రైఫిల్ ఖాళీ అని నిర్ధారించుకోండి

బోల్ట్ తెరవండి. చాంబర్‌లోకి (గుండు కూర్చునే గదిలోకి) కంటితో చూడండి. సేఫ్టీ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని చూపించే రంగు కడ్డీ) పెట్టండి. పెల్లెట్లు, తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. తూకం పనిలో రైఫిల్‌ను అటూ ఇటూ తిప్పుతాం, మూతి ఎటు తిరుగుతోందో మరిచిపోతాం. కాబట్టి డ్రై ఫైర్‌కి (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధనకు) కూర్చున్న ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి. ఇంకొకరు పక్కనుంటే వాళ్ళ చేత కూడా చూపించండి.

పాయింట్ టూటూ రైఫిల్‌ను ఉత్తి చాంబర్‌తో డ్రై ఫైర్ చేస్తే ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును కొట్టి నొక్కు పడేట్టు చేయవచ్చు. చాంబర్‌లో పెట్టే డ్రై ఫైర్ ప్లగ్ వాడండి. ఎయిర్ రైఫిల్‌కి డ్రై ఫైర్ మీట ఉంటే దానితోనే చేయండి.

2. అన్నీ తీసేయండి

ఇప్పుడున్న అమరికను నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. బట్‌ప్లేట్, చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) కొలతలు రాసుకోండి. వెనక్కి వెళ్ళాల్సి వస్తే దారి ఉండాలి. తరవాత అదనపు వెయిట్లన్నీ, ముందువి, వెనకవి, స్టాక్ (చేత్తో పట్టి భుజానికి ఆనించే దిమ్మ) లోపల దాచినవి కూడా తీసేయండి. సైట్లు, బట్‌ప్లేట్ మాత్రం ఉండనివ్వండి, అవి లేకుండా కాల్చరు కాబట్టి.

ఈ మెట్టు దాటేయాలనిపిస్తుంది. దాటేయకండి. ఉత్తి రైఫిల్ చేతిలో ఎలా ఉంటుందో తెలియకుండా పెట్టే ప్రతి బరువూ ఊహే.

3. బరువు తూచి, తూకం గుర్తు కనుక్కోండి

బల్ల మీద పెన్సిల్ పెట్టి, దాని మీద రైఫిల్‌ను అడ్డంగా ఆనించండి. మెల్లగా ముందుకీ వెనక్కీ జరపండి. రెండువైపులా మొగ్గకుండా ఊయలలా నిలిచే చోటు దొరుకుతుంది. అక్కడ స్టాక్ మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి గీత గీయండి, అదే తూకం గీత. కింద గాలి సిలిండర్ ఉండో, ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందు భాగం) ఎగుడుదిగుడుగా ఉండో పెన్సిల్ మీద నిలవకపోతే పట్టీ ఉచ్చులో వేలాడదీసి చూడండి. పక్కనొకరిని రైఫిల్ కింద చేతులు పెట్టి ఉండమనండి, జారితే ముందు దెబ్బతినేది సైట్లే.

రెండు డిజిటల్ తూకాలుంటే ఇంకా కచ్చితంగా వస్తుంది. వెనక ఒక ఆధారం, ముందు ఒక ఆధారం, రెండింటి కింద తూకాలు. వెనక 1,800 గ్రాములు, ముందు 3,000 గ్రాములు చూపించాయనుకోండి. ఆధారాల మధ్య దూరం 600 మి.మీ. అప్పుడు మొత్తం 4,800 గ్రాములు. తూకం గుర్తు వెనక ఆధారం నుంచి 3,000 ÷ 4,800 × 600, అంటే 375 మి.మీ. దూరంలో ఉంది.

ఎయిర్ రైఫిల్ అయితే ఆ రోజు సిలిండర్ ప్రెషర్ ఎంతుందో కూడా రాయండి. గాలికీ బరువుంది. 200 బార్‌కి నింపిన సిలిండర్ సగానికి దిగేసరికి పాతిక గ్రాములకు అటూ ఇటూగా తేలికవుతుంది. సిలిండర్ చేతికి ముందుంటుంది కాబట్టి తూకం ఓ మిల్లీమీటరు వెనక్కి జరుగుతుంది. అది పెద్ద తేడా కాదు గాని, ఇవాళ నిండు సిలిండర్‌తో, రేపు ఖాళీ సిలిండర్‌తో పోల్చుకుంటే లెక్కలో గందరగోళం మొదలవుతుంది.

4. మీ చెయ్యి ఎక్కడుందో గుర్తు పెట్టండి

పూర్తి జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్ వేసుకుని పొజిషన్ తీసుకోండి. మామూలు బట్టల్లో వచ్చే కొలత పనికిరాదు. పక్కనున్నవాళ్ళ చేత ఎడమచేతి ఆనిక నడిమధ్య ఎక్కడ పడుతోందో స్టాక్ మీద రెండో గీత గీయించండి. ఈ రెండు గీతల మధ్య దూరమే ఇక నుంచి మీరు కాపాడుకోవాల్సిన కొలత.

నేను చూసినవాళ్ళలో ఎక్కువమందికి తూకం గీత చేతి గీతకు కాస్త ముందు, ఒకటి నుంచి నాలుగు వేళ్ళ వెడల్పు లోపల ఉంటే కుదిరింది. అలా ఉంటే రైఫిల్ చేతి మీద కొంచెం ముందుకు మొగ్గుతుంది, భుజం బట్‌ను పట్టి ఉంచుతుంది. గీత చేతికి వెనక పడితే బట్ బరువెక్కి కిందికి జారాలని చూస్తుంది, మూతి గాలిలో తేలుతున్నట్టుంటుంది. కానీ వేళ్ళ లెక్కను శాసనంగా తీసుకోకండి. పొడుగు చేతుల వాళ్ళకి, పొట్టి నడుము వాళ్ళకి అది మారుతుంది. మొదలుపెట్టే చోటు దొరకడానికే ఆ లెక్క.

5. ఉత్తి రైఫిల్‌తో పునాది కొలత

ఇప్పుడు ఖాళీ రైఫిల్‌తో 10 హోల్డ్‌లు (గురి పట్టి కదలకుండా నిలవడం) చేయండి. ఒక్కొక్కటి గురి కుదిరాక 8 సెకన్లు. ట్రిగ్గర్ వద్దు. చూడటమే పని. ఫ్రంట్ సైట్ రింగులో నల్లటి గుండ్రం ఉంది కదా, దాని చుట్టూ కనిపించే తెల్లటి వలయాన్ని చూడండి. అది ఏ వైపు సన్నబడుతోంది? ఎంత వేగంగా? ఆరో సెకను తరవాత ఏమవుతోంది? ప్రతి హోల్డ్ తరవాత ఒక మాట రాయండి: "నిలువు", "పక్కకి", "వణుకు", "కిందికి జారింది". తరవాత 30 డ్రై ఫైర్‌లు. ట్రిగ్గర్ పడిన క్షణంలో గురి ఎక్కడుందో, పడ్డాక ఎటు పోయిందో రాయండి.

ఫోన్‌ను పక్కనుంచి, మీ నడుము ఎత్తులో పెట్టి వీడియో తీయండి. ముందు బరువు పెరిగేకొద్దీ మీకు తెలియకుండానే నడుము వెనక్కి విరుస్తారు. అది పొజిషన్‌లో ఉన్నప్పుడు తెలియదు, వీడియోలోనే బయటపడుతుంది.

6. ఊపును చదవండి

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా తప్పు దారి పడుతుంది. కాబట్టి నిదానంగా చదవండి.

సన్నగా, వేగంగా వణుకు ఉందా? ముందు ఎడమ పిడికిలి, కుడిచేతి పట్టు సడలించి చూడండి. చాలాసార్లు అక్కడే తగ్గిపోతుంది. సడలించాక కూడా ఉంటే రైఫిల్ కొసల దగ్గర మరీ తేలిక. ముందూ వెనకా సమానంగా కలపండి.

మెల్లగా, పెద్దగా, అటూ ఇటూ పోతోందా? అది ఒంటి ఊపు. పాదాల మధ్య దూరం, మోకాళ్ళు, తుంటి చూసుకోండి. బరువు పెడితే ఊపు తగ్గదు. అదే ఊపు ఇంకా నిదానంగా సాగుతుంది, నిలకడ వచ్చిందని మోసపోతారు.

మొదటి నాలుగైదు సెకన్లు బాగుండి తరవాత కిందికి జారుతోందా? ముందు బరువెక్కువ. లేదా ఎడమ మోచెయ్యి ఎముక మీద ఆనలేదు.

మూతి పైకే ఉంటోంది, గురిలోకి దించడానికి నొక్కాల్సి వస్తోంది, ట్రిగ్గర్ పడగానే పైకి లేస్తోంది. ఇలా ఉంటే ముందు తేలిక, లేదా బట్ ఎత్తు సరిగ్గా లేదు. బట్ ఎత్తు మార్చి చూశాకే బరువు దగ్గరికి రండి.

నల్లటి గుండ్రం దాకా చక్కగా వస్తోంది గాని మధ్యలో ఆగకుండా దాటిపోయి, మళ్ళీ వెనక్కి తెస్తే మళ్ళీ దాటిపోతోందా? కొసల దగ్గర బరువు మీ బలానికి మించింది. ఇది ఎక్కువగా పిల్లల్లో, కొత్తగా చేరినవాళ్ళలో చూస్తాను. వాళ్ళకి తీసేయడమే మందు.

7. ఒక్క మార్పు, 50 గ్రాములు

ఒకసారికి ఒక్క మార్పే. 50 గ్రాములకు మించి వద్దు. పెట్టేముందు తూకం ఎంత జరుగుతుందో లెక్క వేసుకోండి. చాలా తేలిక లెక్క:

జరిగే దూరం = పెట్టే బరువు × తూకం గీత నుంచి దాని దూరం ÷ కొత్త మొత్తం బరువు.

4,900 గ్రాముల రైఫిల్‌కి తూకం గీత నుంచి 500 మి.మీ. ముందు 100 గ్రాములు పెడితే 100 × 500 ÷ 5,000, అంటే గీత 10 మి.మీ. ముందుకు వస్తుంది. అదే 5,000 గ్రాముల రైఫిల్‌లో ఇప్పటికే ఉన్న 200 గ్రాముల వెయిట్‌ను 50 మి.మీ. ముందుకు జరిపితే 200 × 50 ÷ 5,000, కేవలం 2 మి.మీ. సన్నని సవరణకు జరపడం, పెద్ద సవరణకు కలపడం అని గుర్తుంచుకుంటే చాలు.

లక్షణాన్ని బట్టి మూడు దారులున్నాయి.

మూతి తేలుతుంటే: బ్యారెల్ ముందు కొస దగ్గర 50 గ్రాములు.

తూకం బాగుంది, వణుకు మాత్రం ఉంది అంటే: ముందు 50, వెనక బట్‌లో 50, తూకం గీత నుంచి రెండూ సమాన దూరంలో. గీత కదలదు, తాడు మీద నడిచేవాడి గడ మాత్రం పొడవవుతుంది. ఇది రెండు బరువులు కలిపి చేసే ఒక మార్పు. ఈ దారిని చాలామంది ప్రయత్నించరు, బరువంటే ముందే పెట్టాలని అలవాటు పడి. నాకు మాత్రం అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది ఇదే.

కిందికి జారుతుంటే: ముందుది వెనక్కి జరపండి. బరువు కలపకుండానే సరిపోవచ్చు. జరపడానికి చోటు లేకపోతే బట్‌లో 50 గ్రాములు.

బరువు కొనకుండానే తూకం మార్చే మార్గం కూడా ఉంది. ఎడమచేతిని స్టాక్ మీద 10 మి.మీ. వెనక్కి తెస్తే, తూకం గీత చేతికి 10 మి.మీ. ముందుకు పోయినట్టే. మోచెయ్యి ఆనిక చెడకుండా చేయగలిగితే ముందు ఇది చేసి చూడండి.

ట్రయల్‌కి అతికించే పట్టీలు చాలు. అంటించే ముందు కింద మాస్కింగ్ టేపు వేస్తే జిగురు మరకలు పడవు. ఎయిర్ సిలిండర్‌కి మాత్రం ఇష్టమొచ్చిన క్లాంపులు బిగించకండి, రంధ్రాలు వేసే ఆలోచన అసలు వద్దు. లోపల 200 బార్ ఒత్తిడి ఉంది.

8. పక్క మొగ్గు, ఎత్తు

పొజిషన్‌లో ఉండి కళ్ళు మూసుకుని రైఫిల్‌ను చేతిలో వదులుగా ఉంచండి. తెరిచినప్పుడు ఫ్రంట్ సైట్ ఒక పక్కకి ఒరిగి ఉందా? ప్రతిసారీ అదే పక్కకా? అలాగైతే ఏదో బరువు పక్కకి వేలాడుతోంది. బరువులు వీలైనంత వరకు బ్యారెల్‌కి సరిగ్గా కింద, లేదా రెండు పక్కలా సమానంగా పెట్టండి. కిందున్న బరువు రైఫిల్‌ను నిటారుగా ఉంచడానికి సాయపడుతుంది. సైట్ ఎత్తు బ్లాకులు, చేతి కింద ఎత్తు బ్లాకు వాడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. అవి మెడకి సుఖమే గాని, చేతికీ రైఫిల్ బరువుకీ మధ్య ఎత్తు పెంచి రైఫిల్ పక్కకి ఒరిగిపోయే గుణాన్ని పెంచుతాయి.

కొంచెం వాల్చి పట్టుకునే అలవాటున్నవాళ్ళు దాన్ని మార్చుకోనక్కర్లేదు. ప్రతి షాట్‌కీ అదే వాలు ఉంటే చాలు.

9. అలసిన తరవాత పరీక్ష

కొత్త అమరికతో మొదటి పది షాట్లు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి. కొత్తదనం వల్ల శ్రద్ధ పెరుగుతుంది. అసలు పరీక్ష నలభయ్యో షాట్ దగ్గర మొదలవుతుంది. 10 మీటర్ల పోటీలో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలు. కాబట్టి మీ పరీక్షా అంతే ఉండాలి: 60 షాట్లు, అదే వేగం, మధ్యలో రైఫిల్ దించి విశ్రాంతి తీసుకోవడం కూడా పోటీలో లాగే.

స్కోరును మూడు ఇరవైలుగా విడగొట్టండి. మొదటి ఇరవై పెరిగి చివరి ఇరవై పడిపోతే ఆ బరువు మీకు ఎక్కువ. మొదటి ఇరవై మారకుండా చివరి ఇరవై మెరుగైతే సరైన దారిలో ఉన్నారు.

ఒక సీజన్లో నేను ముందు 350 గ్రాములు పెట్టుకుని మురిసిపోయాను. మొదటి సిరీస్‌లు (పదేసి షాట్ల వరసలు) అంత నిలకడగా ఎప్పుడూ రాలేదు. ముప్పై అయిదో షాట్ దాటాక గుళ్ళు ఆరు గంటల వైపు, అంటే కిందికి, జారేవి. టెన్షన్ అనుకుని రెండు నెలలు ట్రిగ్గర్ మీద పనిచేశాను. తప్పు నడుము దగ్గరుందని, సిరీస్‌కి సిరీస్‌కి కొద్దికొద్దిగా వెనక్కి వాలుతున్నానని వీడియో చూశాకే తెలిసింది. ముందు నుంచి 200 తీసి, బట్‌లో 100 పెట్టాక ఆ జారుడు పోయింది, నడుము నొప్పి కూడా తగ్గింది.

10. పాతదీ కొత్తదీ పోల్చడం

ఒక్క రోజు స్కోరుతో తీర్పు ఇవ్వకండి. మొదటి రోజు పాత అమరిక, రెండో రోజు కొత్తది, మూడో రోజు మళ్ళీ పాతది, నాలుగో రోజు మళ్ళీ కొత్తది. ప్రతి రోజూ 60 షాట్లు, దశాంశ స్కోరుతో (9.8, 10.4 లాగా). రెండుసార్లూ కొత్తదే పైన ఉంటే ఉంచండి. ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తే ఆ మార్పు వల్ల ఏమీ కాలేదని అర్థం. అప్పుడు తక్కువ బరువున్న అమరికనే ఎంచుకోండి.

మనసు చేసే మోసం తప్పించుకోవడానికి ఒక చిన్న ఉపాయం. ట్రయల్ బరువు పెట్టడం, తీయడం స్నేహితుడికి అప్పగించండి. మీరు చూడకుండా, మీకు చెప్పకుండా అతను మారుస్తాడు, రాసుకుంటాడు. మీరు "ఇది నిలకడగా ఉంది", "ఇది లేదు" అని మాత్రం చెప్పండి. పదిసార్లు చేశాక పోల్చుకోండి. తాము నమ్ముకున్న 50 గ్రాముల వెయిట్ ఉందో లేదో చెప్పలేకపోయినవాళ్ళను చూశాను. చెప్పగలిగినవాళ్ళనూ చూశాను.

11. బిగించి, జీరో చేసి (గురి మీదే గుండు పడేలా సైట్లు సరిచేసి), గ్రూప్ చూడండి

నచ్చిన అమరికను స్క్రూలతో శాశ్వతంగా బిగించండి. టేపుతో, జిగురు పట్టీలతో పోటీకి వెళ్ళకూడదు. బ్యారెల్ మీద వెయిట్ పెట్టాక అది ఫోర్‌ఎండ్‌కి గాని, సిలిండర్‌కి గాని తగులుతోందా అని పల్చటి కాగితం మధ్యలో దూర్చి లాగి చూడండి. కాగితం స్వేచ్ఛగా జారాలి. తగిలితే కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ ఒకే తీరుగా కదలదు.

తరవాత ఆనికతో గాని, ప్రోన్‌లో (బోర్లా పడుకుని) గాని రెండు మూడు గ్రూపులు (ఒకే గురితో వరసగా కాల్చిన గుళ్ళ గుంపులు) కాల్చండి. పాయింట్ టూటూలో బ్యారెల్ వెయిట్ జరిపితే గుళ్ళు పడే చోటు మారుతుంది, గ్రూప్ సైజు కూడా మారవచ్చు. స్టాండింగ్‌లో తూకం అద్భుతంగా కుదిరి, ఆనికతో గ్రూప్ పెద్దదైతే ఆ వెయిట్‌ను 10 మి.మీ. అటో ఇటో జరిపి మళ్ళీ చూడండి. తూకం అంతగా చెడదు, గ్రూప్ మళ్ళీ చిన్నది కావచ్చు.

నిబంధనలు

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. 50 మీటర్ల పురుషుల రైఫిల్‌కి ఆ హద్దు 8 కిలోలు. బ్యారెల్ మీది వెయిట్లు బ్యారెల్ మధ్య నుంచి 30 మి.మీ. వ్యాసార్ధం లోపలే ఉండాలి. స్టాండింగ్‌లో స్లింగ్ (చేతికి చుట్టే పట్టీ) వాడకూడదు. ఇంటి తూకం 5,495 చూపించిందని ధైర్యంగా వెళ్ళకండి. ఇంటి తూకానికీ పోటీ తూకానికీ తేడా రావచ్చు. కనీసం 50 గ్రాములు తక్కువ ఉంచుకోండి. నిండు సిలిండర్‌తోనే తూచండి. మీ పోటీకి వర్తించే తాజా నియమావళి చదివాకే స్క్రూలు బిగించండి.

ఎక్కువమంది చేసే తప్పులు

హద్దు దాకా నింపడం. 5.5 కిలోలు పై హద్దు మాత్రమే, అందుకోవాల్సిన లక్ష్యం కాదు. అంతకన్నా కిలో తక్కువ రైఫిల్ మీ నడుముకి సరిపోతే అదే మీ రైఫిల్ బరువు.

ఛాంపియన్ అమరికను దించేయడం. ఆ బరువులు ఆ మనిషి ఎత్తు, తుంటి, ఎడమచేతి పొడవు చూసి పెట్టినవి. ఫొటోలో మనకు బరువు కనిపిస్తుంది, ఆ మనిషి నడుము బలం కనిపించదు.

భుజంతో ఎదురు తోయడం. ముందు బరువెక్కువైతే కొందరు బట్‌ను భుజంతో వెనక్కి లాగుతూ, కుడిచేత్తో కిందికి అదుముతూ సరిచేస్తారు. హోల్డ్ బాగుంటుంది. ట్రిగ్గర్ పడిన క్షణంలో ఆ అదుముడు వదలుతుంది, గుండు కిందికి పోతుంది. దీన్ని పట్టుకోవాలంటే హోల్డ్ మధ్యలో కుడిచేతి పట్టు కాస్త వదులు చేయండి. మూతి కదిలితే ఆ రైఫిల్‌ను మీరు మోయడం లేదు, కుస్తీ పడుతున్నారు.

జాకెట్ మార్చి తూకం పాతదే ఉంచుకోవడం. కొత్త జాకెట్ గట్టిగా ఉంటుంది, మోచెయ్యి ఆనే చోటు ఒకటి రెండు సెంటీమీటర్లు మారుతుంది. నాలుగో మెట్టు గీతలు మళ్ళీ గీయాలి.

పోటీకి ముందు వారంలో మార్చడం. మూడు వారాల ముందు ఆపేయండి. చివరి వారంలో రైఫిల్ ఎంత విసిగించినా అలెన్ కీ ముట్టుకోవద్దు.

పిల్లలకి నేర్పేవాళ్ళకి ఒక మాట. ఎదిగే వయసులో ఆరు నెలలకే ఎత్తు, చేతుల పొడవు మారిపోతాయి. పెద్దల బరువులతో గంటసేపు నిలబెడితే వాళ్ళు నడుము విరిచి మోయడం అలవాటు చేసుకుంటారు, తరవాత ఆ వంపు మానిపించడం చాలా కష్టం. వాళ్ళకి ఉత్తి రైఫిల్‌తో మొదలుపెట్టి, 60 షాట్ల తరవాత వీడియోలో నడుము మొదటి షాట్‌లో ఉన్నట్టే ఉంటే 25 గ్రాములు కలపండి. లేకపోతే కలపకండి. ప్రతి ఆరు నెలలకోసారి రెండు గీతలూ చెరిపి, మూడో మెట్టు నుంచి మళ్ళీ కొలవండి.